ఉరితాడు కవిత్వమూ, కోర్టు వరండా

మా ప్రాంతపు కవిమిత్రులు కొందరు ఒక సంకలనం తలపెట్టారు. పసిపిల్లల మీద జరిగే అత్యాచారాలను నిరసించే కవితలను ఒకచోట చేర్చాలని వారి సంకల్పం. సంకల్పం మంచిదే. నన్నొక కవిత ఇమ్మన్నారు. అంతవరకు వచ్చిన కవితల కట్ట కూడా పంపి అభిప్రాయం చెప్పమన్నారు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఇంచుమించు ప్రతి కవితలోనూ ఉరితాడు ఉన్నది. తుపాకీ ఉన్నది. నడిబజారు ఉన్నది. తుంచిన మొగ్గ, రెక్కలు విరిగిన పావురం, తలవంచుకున్న భారతమాత అన్నీ ఉన్నవి. ఒక్క పిల్ల మాత్రం లేదు. నేరం జరిగిన మర్నాడు ఆమె ఎక్కడ పడుకున్నది, జరిగినదాన్ని ఎవరెవరికి చెప్పవలసి వచ్చింది, ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చింది, మళ్ళీ బడికి ఎప్పుడు వెళ్ళింది అనే ప్రశ్నలు ఒక్క కవికీ తోచలేదు. నేరంతో మొదలైన కవిత శిక్షతో ముగుస్తున్నది. ఆ రెంటికీ నడుమ గడిచే సంవత్సరాలు మన కవిత్వంలో లేవు. మగపిల్లల మాట సరేసరి. వారి మీద కూడా ఈ నేరం జరుగుతుందని ఆ కట్ట మొత్తంలో ఎవరికీ తట్టలేదు.

నేను కవిత ఇవ్వలేదు. ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో పరుషమైన మాటలుంటే అవి నాకూ తగులుతాయని ముందే ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే 2019లో నేనూ ఇటువంటి కవితే రాశాను, సభలో చదివాను, చప్పట్లు కొట్టించుకున్నాను. పిల్ల పేరు రాయలేదు. ఊరి పేరు రాశాను, ఆమె చదివే తరగతి రాశాను. అనుప్రాస కుదిరింది గనక రాశాను. చిన్న ఊళ్ళో తరగతి చెబితే పేరు చెప్పినట్టే. ఆ కవిత ఫోన్ల మీదుగా ఆ ఊరికి చేరింది. ఆ పిల్ల చాలా రోజులు బడికి రాలేదని తర్వాత విన్నాను. నా ఆవేశానికి వెల ఆమె చెల్లించింది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం 1983 నుంచి మన శిక్షాస్మృతిలో నేరంగా ఉన్నది. పిల్లల కోసం వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం మరొక అడుగు వేసి బడిని, కుటుంబాన్ని, ఇరుగుపొరుగును కూడా బయటపెట్టరాదన్నది. అది పత్రికలకే గాని కవికి వర్తించదని వాదించే మిత్రులు నాకున్నారు. వారి కవితాస్వేచ్ఛకు నమస్కారం.

మాది పాలకాయతిప్ప. హంసలదీవి పక్కన, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. దివిసీమలో శివారు భూముల రైతుకు ఒక అలవాటు ఉంటుంది: పైన కాలువకు ఎంత నీరు వదిలారన్నది అతడికి లెక్క కాదు, తన మడికి ఎంత వచ్చిందన్నదే లెక్క. నేను చట్టాలను కూడా అలాగే చూస్తాను. ఢిల్లీలో వదిలిన చట్టం పాలకాయతిప్ప వంటి ఊరికి ఎంత మిగిలి వస్తుంది?

పైన వదిలింది తక్కువేమీ కాదు. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. పిల్ల వాంగ్మూలం ఆమె ఇంటి వద్దగాని, ఆమె కోరిన చోటగాని తీసుకోవాలి. తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదు, వీలైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళ అయి ఉండాలి. రాత్రిపూట ఏ కారణం చేతా పిల్లను స్టేషనులో ఉంచరాదు. కోర్టులో ముద్దాయి ఆమె కంటపడరాదు. ప్లీడర్లు పిల్లను నేరుగా ప్రశ్నించరాదు. తమ ప్రశ్నలను న్యాయమూర్తికి ఇవ్వాలి, ఆయన అడగాలి. శీలాన్ని ఎత్తిపొడిచే ప్రశ్నలు వేయరాదు. సాక్ష్యం కోసం పదే పదే పిలవరాదు. కోర్టు కేసును విచారణకు స్వీకరించిన 30 రోజులలో పిల్ల సాక్ష్యం నమోదు కావాలి, వీలైతే ఏడాదిలో విచారణ ముగియాలి. 2020 నాటి నిబంధనల ప్రకారం ఆమెకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని శిశు సంక్షేమ కమిటీ ఏర్పాటు చేయవచ్చు. తిండికీ, బట్టకూ, ప్రయాణానికీ తక్షణ సాయం ఇప్పించవచ్చు, కమిటీ సిఫారసు చేసిన వారంలో ఆ డబ్బు అందాలి.

ఇవి దయతో ఇచ్చినవి కావు. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు, పోలీసు స్టేషనులో అత్యాచారానికి గురైన ఒక ఆదివాసీ బాలిక ఒంటి మీద గాయాలు లేవు గనక ఆమె సమ్మతించిందన్నది. అదే సంవత్సరం హైదరాబాదులో రమీజాబీ కేసు. ఆమె చిన్నపిల్ల కాదు, వివాహిత. కాని ఆమెకు జరిగిందాన్ని వదిలేసి ఆమె ఎటువంటిదో తేల్చడానికి పోలీసు పక్షం పడిన పాటు తెలుగువాళ్ళు మరచిపోకూడనిది. ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది, కేసు కర్ణాటకకు బదిలీ అయింది, ముద్దాయిలు విడుదలయ్యారు. ఆ రెండు సంఘటనలకూ వీధుల్లోకి వచ్చిన జనం, స్త్రీల సంఘాలు, 1979లో సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాసిన నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు – వీరందరి ఒత్తిడి నుంచి మార్పు మొదలయింది. తెర కట్టి సాక్ష్యం తీసుకోవాలన్న సాక్షి కేసు తీర్పు 2004లో గాని రాలేదు. అధ్యాపకులు తమ పని తాము చూసుకుంటే చాలుననేవారు ఆ లేఖను గుర్తు చేసుకోవాలి.

ఇక మడికి ఎంత నీరు చేరుతున్నది?

జిల్లా కోర్టు బందరులో ఉన్నది. పాలకాయతిప్ప నుంచి ఆటోలో కోడూరు, అక్కడి నుంచి అవనిగడ్డ, పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు. పిల్లతో తల్లిగాని తండ్రిగాని వెళ్ళాలి, తరచు ఇద్దరూ వెళ్ళాలి. ఆ రోజు వేట లేదు, లేదా రొయ్యల చెరువు మీద కూలి లేదు. పొద్దున్నే గుడ్డలు మార్చుకుని ముగ్గురూ బస్సెక్కితే ఎక్కడికని అడగని ఊరు తెలుగుదేశంలో ఎక్కడుందో నాకు తెలియదు. గుర్తింపు బయటపెట్టరాదని చట్టం అంటుంది. వాయిదా కాగితం పట్టుకుని వచ్చిన కానిస్టేబులు వీధి మొదట్లోనే ఇల్లెక్కడని అడుగుతాడు. నేనిక్కడ ఏ ఒక్క కోర్టునూ, ఏ ఒక్క స్టేషనునూ అనడం లేదు. దూరంలోనే, కూలిలోనే, అడిగే అలవాటులోనే హింస ఉన్నదంటున్నాను. ధనవంతుడి పిల్ల కారులో వెళుతుంది, అద్దాలు ఎత్తుకుని. గోప్యత కూడా ఈ సమాజంలో ఆస్తి ఉన్నవాడి సొత్తే.

ఒక కేసులో నేను పిల్ల తండ్రికి తోడుగా కొన్నిసార్లు కోర్టుకు వెళ్ళాను. ఏ కోర్టో, ఏ ఊరి పిల్లో చెప్పను; గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు, మాటలు మార్చి రాస్తున్నాను. ఆయన నన్ను తీసుకెళ్ళిన కారణం ఒకటే: "మేష్టారూ, ఆ ఇంగ్లీషు కాయితాలు మీరైతే చదివి చెబుతారు." లోపల విచారణ రహస్యంగా జరుగుతుంది, జరగాలి. అందుచేత నేను చూసినది వరండా మాత్రమే. ఆ వరండాలో ఉన్నవి రెండు బల్లలు. ఒక బల్ల మీద పిల్ల, తల్లి. ఎదుటి బల్ల మీద ముద్దాయి, అతని అన్నదమ్ములు. ముద్దాయి పిల్ల కంటపడకుండా లోపల తెర ఉన్నదట. ఆ తెర దాకా వెళ్ళే లోపల పదింటి నుంచి మూడింటి దాకా ఆమె అతని ఎదురుగానే కూర్చున్నది. అతడు ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం పిల్ల తమ్ముడికి బిస్కెట్టు పొట్లం ఇవ్వబోయాడు. పిల్ల తల్లి లేచి బాలుణ్ణి లాక్కున్నది. ఆ బిస్కెట్టు పొట్లం ఏ రికార్డులోకీ ఎక్కదు.

తర్వాత అటెండరు బయటికి వచ్చి పిల్ల పేరును మూడుసార్లు కేక వేశాడు. వరండా అంతా తల తిప్పి చూసింది. అతడి తప్పు కాదు, అతడికి నేర్పిన పద్ధతి అదే. పిల్ల లోపలికి వెళ్ళింది, అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. ముద్దాయి తరపు ప్లీడరుకు ఒంట్లో బాగాలేదట. వాయిదా.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన విషయానికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ మాట్లాడే అర్హత నాకు కొంత ఉన్నది. అభియోగపత్రం దాఖలైన తర్వాత దాని కాగితాల నకళ్ళు పిల్లకూ, ఆమె తల్లిదండ్రులకూ ఇవ్వాలని చట్టం చెబుతున్నది. అందులో పిల్ల చెప్పిన మాట ఇంగ్లీషులో ఉన్నది. తండ్రి నన్ను చదివి తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. అంతా విని ఆయన అడిగాడు: "ఇది మా అమ్మాయి చెప్పిందేనా మేష్టారూ?"

ఆ పిల్ల 'పోటు ఎక్కేవేళ' అన్నది. కాగితంలో సాయంత్రం సుమారు 4.30 అని ఉన్నది. ఆమె 'బాబాయి' అన్నది. మన ఊళ్ళల్లో పక్కింటివాడు బాబాయే, ఎదురింటివాడు మావయ్యే. కాగితంలో తండ్రికి తమ్ముడని పడింది. ఆమె తండ్రికి తమ్ముళ్ళు లేరు. శరీర భాగానికి ఆమె ఇంట్లో నేర్చుకున్న మాట ఒకటి అన్నది, దాని స్థానంలో డాక్టరు వాడే మాట వచ్చింది. రేపు క్రాసు పరీక్షలో జరిగేది ఊహించడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. గడియారం చూడడం వచ్చా నీకు? మీ నాన్నకు తమ్ముడే లేడు గదా? ఈ మాట నీకెవరు నేర్పారు? పిల్ల అనని మాటలకు పిల్ల జవాబుదారీ అవుతుంది. అబద్ధమాడింది అనువాదం, శిక్ష పడేది ఆమెకు.

పైగా ఆ పిల్ల చెప్పినదే కచ్చితమైన మాట. పోటు వేళ రోజు రోజుకూ జరుగుతుంది. తేదీ తెలిస్తే తిథి తెలుస్తుంది, తిథి తెలిస్తే ఆనాడు ఆ ఒడ్డున పోటు ఎప్పుడెక్కిందో ఏ ముసలి జాలరి అయినా వేళ్ళ మీద లెక్కగట్టి చెబుతాడు. నేరం జరిగిన వేళను సముద్రం చేత సాక్ష్యం చెప్పించగల పిల్లను మనం గడియారం రాని పిల్లగా మార్చి బోనెక్కిస్తున్నాము. పిల్ల పలికినది పలికినట్టుగా రాసుకోవాలని పోక్సో 25వ సెక్షను ఉన్నది. పలికినట్టుగా అంటే అర్థమేమిటో చెప్పవలసినవారు ఎవరు? మాండలికాల మీద పరిశోధన చేసి పట్టాలు తీసుకున్న మనం కాదా? భాష పేరిట 1953లో రాష్ట్రం తెచ్చుకున్నాము, 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాము. తెలుగు భాషా దినోత్సవం నాడు మనం చేసే ఉపన్యాసాల కన్నా, ఒక పిల్ల 'బాబాయి' అన్న మాట 'బాబాయి'గానే ఫైలులో పడడం తెలుగుకు ఎక్కువ సేవ.

మనం రోజూ పాఠం చెప్పే కన్యాశుల్కాన్నే చూడండి. 1897లో అచ్చయి, 1909లో పెరిగి మళ్ళీ వచ్చిన నాటకం. కథ అంతా సుబ్బి పెళ్ళి తప్పించడం చుట్టూ తిరుగుతుంది. తండ్రి అమ్ముతాడు, తల్లి నూతిలో పడుతుంది, మేనమామ ఎత్తు వేస్తాడు. సుబ్బిని, నీకేం కావాలి అని అడిగినవారు లేరు. చివరికి వ్యవహారం విశాఖపట్నంలో కోర్టుకు ఎక్కుతుంది. ఏ కేసు? ముసలివాడు పెళ్ళాడిన పిల్లను ఖూనీ చేశాడని. ఆ పిల్ల ఎవరు? ఆడవేషం వేసిన శిష్యుడు, మాయగుంట. లేని పిల్ల కోసం పోలీసులు, ప్లీడర్లు, దొంగసాక్షులు అందరూ కదిలారు. ఉన్న పిల్ల ఇంట్లో ఉన్నది, ఆమె ఊసు కోర్టుకు అక్కరలేదు. దాన్ని మనం హాస్యంగా చెప్పి విద్యార్థులను నవ్విస్తున్నాము. మా మిత్రుల కవితల్లో మొగ్గగా, పావురంగా కనిపించేది కూడా ఆ మాయగుంటే. ఆమెకు ఆకలి వేయదు, వాయిదాకు బస్సు ఛార్జీ అక్కరలేదు, పదో తరగతి పరీక్షలు లేవు. అటువంటి పిల్ల కోసం ఎంత రక్తమైనా కళ్ళచూడవచ్చు.

ఉరి సంగతి చూద్దాం. 2019లో పోక్సో చట్టాన్ని సవరించి తీవ్రమైన నేరాలకు మరణశిక్షను చేర్చారు. మిత్రులు హర్షించారు. ఈ నేరాలలో నూటికి తొంభైకి పైగా ముద్దాయిలు పిల్లకు తెలిసినవారేనని ప్రభుత్వపు నేర గణాంకాలే ఏటా చెబుతున్నవి. బంధువు, ఇరుగుపొరుగు, పాఠం చెప్పేవాడు. అంటే ఇంట్లో నానమ్మ పిల్లతో అనే మాట ఇది: "వాణ్ణి ఉరికంబం ఎక్కిస్తావంటే నీకు పాపం కాదంటే?" శిక్ష పెరిగిన కొద్దీ ఆ బరువు న్యాయమూర్తి మీద పడదు, పదేళ్ళ పిల్ల మెడ మీద పడుతుంది. ఊరి పెద్దలు రాజీ మాట్లాడతారు. ఈ నేరానికి చట్టంలో రాజీ లేదు. అయితే సాక్షి నోరు మూసుకుంటే రాజీ కాగితం దేనికి? కోర్టు లెక్కలో ఆమె 'ఎదురు తిరిగిన సాక్షి'. ఎవరికి ఎదురు తిరిగింది? అందరూ కలిసి ఒంటరిని చేసిన తర్వాత ఆమె అందరికీ లొంగిపోయింది, అంతే.

వేగం సంగతీ అటువంటిదే. హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలి హత్య తర్వాత 2019 డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. మనవాళ్ళలో కొందరు పద్యాలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కథ నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చినప్పుడు ఆ పద్యాలను వెనక్కి తీసుకున్నవాణ్ణి నేను చూడలేదు. కల్పిత ఎన్‌కౌంటర్లలో మనుషులను పోగొట్టుకున్న ఉద్యమాల వారసులమని చెప్పుకునేవాళ్ళం మనం! అదే నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, 21 రోజుల్లో తీర్పు. అది చట్టంగా అమలులోకి రానే లేదు. వచ్చి ఉంటే? పిల్ల జరిగింది ఒక్క రోజులో చెప్పదు. మా ఊళ్ళో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళు చాలా ఏళ్ళకు నోరు విప్పారు. కెరటం సంగతి వదిలేసి, ఆ పొద్దున వండిన కూరతో మొదలుపెట్టేవారు. మధ్యలో ఆపి గంట ఎంతయిందని ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి వాయిదాలు వేయడం హింస. 21 రోజుల్లో తెమల్చమనడం కూడా హింసే. ఆలస్యానికి, తొందరకు రెంటికీ కొలత ప్రభుత్వపు పరువే గాని పిల్ల స్థితి కాదు.

ఇక్కడ మన పక్షం నుంచే ఒక ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలికగా తీసివేయను. పోలీసులు కేసులు అల్లుతారన్నది మనకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. కమ్యూనిస్టుల మీద, దళితుల మీద, కూలీల మీద పెట్టిన కేసుల్లో క్రాసు పరీక్షే దిక్కయింది. పిల్లకు రక్షణ పేరిట ముద్దాయి హక్కును నరికితే రేపు ఆ కత్తి ఎవరి మెడ మీద పడుతుంది? సరైన ప్రశ్న. కాని క్రాసు పరీక్షకు, పిల్లను ఏడిపించడానికి సంబంధం లేదు. ప్రశ్నలు ప్లీడరువే, అడిగే నోరు న్యాయమూర్తిది – 33వ సెక్షను అన్నది ఇంతే. నిజం రాబట్టే ప్రశ్న ఏ గొంతుతో అడిగినా నిజం రాబడుతుంది. కేకకు మాత్రమే లొంగే సాక్ష్యం నిజం కాదు, భయం. అమాయకుడైన ముద్దాయికి కూడా భయపడ్డ సాక్షి కన్నా నిబ్బరంగా మాట్లాడే సాక్షే మేలు.

మరొక చిక్కు ఉన్నది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ఇష్టపడి వెళ్ళిపోతే, కులం కాదని పెద్దలు పెట్టే కేసులు. అక్కడ పిల్లను బాధించింది ఎవరు? పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక కేసులో 2025 మే 23న సుప్రీంకోర్టు, నేరం రుజువైనా శిక్ష వేయకుండా వదిలింది. ఆ అమ్మాయిని జరిగిన సంఘటన కన్నా తర్వాత నడిచిన పోలీసు, కోర్టు వ్యవహారమే ఎక్కువ గాయపరచిందని గ్రహించి వదిలింది. ఇన్నేళ్ళ తర్వాత న్యాయస్థానమే తన వరండా వైపు చూసుకోవలసి వచ్చింది. ఈ విషయం విడిగా రాయదగినది, ఇక్కడ ఆపుతాను.

డబ్బు లేదంటారు. ఐస్‌లాండు అనే దేశం మొత్తం జనాభా మన ఒక జిల్లాకు చాలదు. 1998లో వారు పిల్లల ఇల్లు అని ఒకటి పెట్టారు. పిల్ల ఒక్క ఇంటికి వస్తుంది. పోలీసు, డాక్టరు, ప్లీడరు, జడ్జి అక్కడికే వస్తారు. శిక్షణ పొందిన ఒక్క మనిషితో పిల్ల ఒక్కసారి మాట్లాడుతుంది, మిగిలినవారు పక్కగదిలో వింటారు. మన పిల్ల తల్లికి, ఊరి పెద్దకు, స్టేషనులో రైటరుకు, మహిళా ఎస్.ఐ.కి, ఆస్పత్రిలో డాక్టరుకు, శిశు సంక్షేమ కమిటీకి, మెజిస్ట్రేటుకు, ప్రాసిక్యూటరుకు, కోర్టుకు, క్రాసులో మళ్ళీ కోర్టుకు – పదిసార్లు చెబుతుంది. పదింటిలో ఎక్కడైనా ఒక్క మాట తేడా వస్తే అబద్ధాలకోరు. హైదరాబాదులో 2016లో భరోసా కేంద్రం పెట్టగలిగారు. పట్నంలో చేయగలిగినది చేయలేనిదని ఎలా నమ్మాలి? ప్రతి జిల్లాలో బలహీన సాక్షుల కోసం ప్రత్యేక వాంగ్మూల కేంద్రం ఒకటైనా ఉండాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. సముద్రం మీదుగా వచ్చే శత్రువును కనిపెట్టడానికి మా పాలకాయతిప్పకు మెరైన్ పోలీసు స్టేషను వచ్చింది. రాజ్యం రాదలచుకుంటే ఏ శివారుకైనా వస్తుంది.

అరసం శాఖలు ఉన్న ప్రతి పట్టణంలోనూ కోర్టు ఉన్నది. కవిమిత్రులు నెలకొక రోజు అక్కడి వరండాలో కూర్చోవచ్చు. రెండు బల్లలను విడదీయమని, పిల్లను వేరే గదిలో ఉంచమని, పేరు బయట కేక వేయవద్దని జిల్లా జడ్జికి అర్జీ పెట్టవచ్చు. వాయిదా కూలి కోసం తక్షణ సాయం దరఖాస్తు తెలుగులో రాసి పెట్టవచ్చు. పిల్ల మాటను ఇంగ్లీషులో పెట్టినప్పుడు పక్కనే తెలుగు మాటను కూడా రాయమని అడగవచ్చు. దీనికి ఛందస్సు అక్కరలేదు.

నేను తోడు వెళ్ళిన కేసులో ఏడో వాయిదా పరీక్షల్లో పడింది, సోషల్ పేపరు రోజున. పిల్ల ఆ మాట తండ్రితో కూడా అనలేదు, బస్సులో నాతో అన్నది: "మాస్టారూ, రాకపోతే నన్నేమైనా చేస్తారా?" ప్రాసిక్యూటరుకు హాల్ టికెట్ నకలు జతచేసి ఒక మెమో రాసి ఇచ్చాము. తేదీ మారింది. పిల్ల పరీక్ష రాసింది. ఆమె సాక్ష్యం ఇంకా నమోదు కాలేదు. ఎనిమిదో వాయిదా వచ్చే నెల 11న, పొద్దున బస్సుకే వెళ్ళాలి.